సమ్మెట: ఆటోనగర్ షెడ్డులో ఒక హార్డ్ రాక్ సింగిల్, ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

పాట పేరు దొరికింది. సమ్మెట. పాట ఇంకా లేదు, పేరు మాత్రమే ఉంది. అయినా సగం పని అయిపోయినట్టే ఉంది నాకు.

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి కమాను కట్టల షెడ్డు ఉంది. లారీల కింద బరువు మోసే కమానులు చదునుగా అయిపోతే విప్పి, ఒక్కో పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద కొట్టి మళ్లీ వంపు తెస్తారు. నేను అక్కడ లెక్కలు చూస్తాను, రాత్రిళ్లు గిటార్ వాయిస్తాను. మూడేళ్లుగా నలుగురం కలిసి వాయిస్తున్నాం కానీ అన్నీ ఎవరో చేసిన ఇంగ్లీషు పాటలే. తెలుగులో, సొంతంగా, ఒక్క సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) అయినా చేయాలని సంక్రాంతి రోజు అనుకున్నాం. మూడు నెలలు గడిచాయి, ఒక్క రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస) కూడా నిలబడలేదు.

నిన్న మధ్యాహ్నం బిల్లు రాస్తూ రాస్తూ ఆగిపోయాను. మేస్త్రి గారు ఒక చేత్తో పట్టకారు, ఇంకో చేత్తో చిన్న సుత్తి పట్టుకుని కూర్చుంటారు. ఎదురుగా కుర్రాడు నిలబడి సమ్మెట ఎత్తుతాడు. కుర్రాడిది ఒక పెద్ద దెబ్బ, వెంటనే మేస్త్రి గారివి రెండు చిన్న దెబ్బలు. ఢాం, టక టక. ఢాం, టక టక. బుద్ధి తెలిసినప్పటి నుంచీ వింటున్న చప్పుడే. ఒకటి పొడుగు, రెండు పొట్టి. రాక్ వాళ్లు దీన్నే గాలప్ అంటారు, గుర్రం దౌడు. ఐరన్ మెయిడెన్ బ్యాండు బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ వేళ్ల మీద లోకమంతా విన్న నడక.

అప్పుడు ఆ పనిముట్టు పేరు పైకి అన్నాను. సమ్మెట. స తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి స గురువు. మ్మె లఘువు, ట లఘువు. మా పదో తరగతి తెలుగు మాస్టారు బల్ల మీద కొట్టి మరీ అప్పజెప్పించిన భగణం. ఉత్పలమాల మొదలయ్యేది ఈ గణంతోనే. సమ్మెట ఎలా పడుతుందో ఆ మాట కూడా అలాగే పడుతోంది! ఇన్నేళ్లూ నేను రిఫ్ కోసం ఎక్కడెక్కడో వెతికాను.

ఫోన్‌లో టెంపో చూశాను. నిమిషానికి 96 పెద్ద దెబ్బలు, అటూ ఇటూగా. పాట వేగం అదే.

ఏప్రిల్ 10

రిఫ్ కుదిరింది. లావు తీగను ఈ (E) స్వరం నుంచి డి (D) కి దించాను. దీన్ని డ్రాప్ డి అంటారు. అలా దించితే మూడు లావు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా వేస్తే చాలు, పవర్ కార్డ్ పలుకుతుంది. దౌడులో చెయ్యి జరపడం తేలిక.

పవర్ కార్డ్‌లో ఉండేవి షడ్జం, పంచమం, అంతే. డిస్టార్షన్ (గిటార్ మోతను గరుకుగా చేయడం) ఎక్కువ పెట్టి గాంధారం కూడా కలిపితే స్వరాలు ఒకదానితో ఒకటి రాసుకుని బురద బురద అయిపోతుంది, అందుకే దాన్ని వదిలేస్తారు. మా గాయకుడు గాంధీనగర్ నుంచి వస్తాడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాలలో చదువుకున్నాడు. రిఫ్ రెండుసార్లు విని, "ఇది తంబురా కదన్నా, కోపమొచ్చిన తంబురా" అన్నాడు. రిఫ్ స్వరాలు డి, ఎఫ్, జి, ఏ, సి. అతని లెక్కలో రెండు శ్రుతిలో (డి షడ్జం అయితే) స గ మ ప ని, శుద్ధ ధన్యాసి రాగం. చరణంలో గమకాలు (స్వరాన్ని ఊపి పాడటం) వద్దని గట్టిగా చెప్పాను. పల్లవిలో ని మీద ఒక్కచోట ఒప్పుకున్నాను. అక్కడ అది లేకపోతే అన్యాయం.

ఏప్రిల్ 13

ఈ రోజంతా ఒక్క ఇనుప ముక్కతో గడిచింది.

పాటలో నిజమైన ఇనుము మోగాలి. కమాను కట్టలో అన్నిటికన్నా పొట్టి పట్టీ ఒకటి తీసుకున్నాను. 13 అంగుళాల పొడవు, అర అంగుళం మందం. నడిమధ్య బోల్టు కోసం బెజ్జం ఉంటుంది కదా అని అందులోంచి తీగ దూర్చి వేలాడదీసి కొట్టాను. టక్ మని చచ్చిపోయింది. పెద్ద సుత్తితో కొడితే పెద్ద టక్, అంతే తేడా. మేస్త్రి గారు చూసి, "మధ్యలో పట్టుకుంటే ఎట్టా మోగుద్ది బాబూ, ఊగేదే అక్కడైతే" అన్నారు.

ఆయన చెప్పింది భౌతిక శాస్త్రం. రెండు కొసలూ వదిలేసిన కడ్డీని కొడితే మధ్య భాగమూ, కొసలూ ఎక్కువ ఊగుతాయి. ఊగకుండా నిలిచే చోట్లు రెండే, ఒక్కో కొస నుంచి పొడవులో సుమారు 22 శాతం దూరాన. 13 అంగుళాల పట్టీకి అది మూడు అంగుళాలకు కొంచెం తక్కువ. అక్కడ రెండు వైపులా నైలాన్ తాడు కట్టి వేలాడదీశాం. ఈసారి కొడితే షెడ్డంతా గుయ్యిమంది. బయట టీ తాగుతున్న వాళ్లు లోపలికి తొంగి చూశారు.

ట్యూనర్ యాప్ 598 హెర్ట్జ్ చూపించింది. ఆ సప్తకంలో డి 587.33. అంటే 31 సెంట్లు ఎక్కువ, సగం స్వరంలో దాదాపు మూడో వంతు. కంప్యూటర్‌లో పట్టీ శబ్దాన్ని కిందికి లాగొచ్చు. లాగి చూశాం, మోత పలచబడింది. ఇనుమును మా దారికి తేవడం ఎందుకు, మేమే దాని దారికి పోదాం అనుకున్నాం. ట్యూనింగ్‌కు ఆధారమైన A స్వరానికి 440 బదులు 448 పెట్టుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. నా పెడల్ ట్యూనర్ 445 దాటదు, కాబట్టి ఇకపై ట్యూనింగ్ అంతా ఫోన్ యాప్‌తోనే.

ఏప్రిల్ 20

సాహిత్యం. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మూడేళ్లుగా మమ్మల్ని ఆపింది ఇదే.

"తెలుగు రాక్‌కి పనికిరాదు" అనే మాట చాలామంది నోట విన్నాను. చెప్పే కారణం కూడా తప్పు కాదు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటుంది, సాగుతుంది. ఇంగ్లీషు మాట హల్లుతో పుటుక్కున తెగుతుంది, డ్రమ్ము ఆగినచోట తనూ ఆగుతుంది. మన మాటలు దౌడు మీద పెడితే ప్రతి దెబ్బ తర్వాతా ఒక అ, ఒక ఉ తోకలా వేలాడుతున్నాయి. మేము కూడా చివరి అచ్చులు మింగేసి పాడాం. వింటే మన ఊరివాడు పాడినట్టు లేదు.

సమ్మెట అన్న మాట దొరికాక విషయం అర్థమైంది. తెలుగు మాట ఆగుతుంది, కానీ చివర్లో కాదు, మధ్యలో. ద్విత్వాక్షరం దగ్గర. దెబ్బ, నిప్పు, పట్టి, ఎత్తు. "నిప్పు" నెమ్మదిగా అని చూడండి. ని అన్నాక పెదవులు మూసుకుంటాయి. ఒక క్షణం గాలి లేదు, శబ్దం లేదు. ఆ తర్వాత పు. గిటార్‌లో మేము అరచేతి మడమను తీగల మీద ఆనించి మోత నొక్కేస్తాం, పామ్ మ్యూట్ అంటారు. ఆ నొక్కే పని ఇక్కడ నోరే చేస్తోంది.

అయితే గురువులన్నీ ఒకటి కావు. దీర్ఘం వల్ల వచ్చే గురువు మోగుతూ ఉంటుంది. ద్విత్వం వల్ల వచ్చే గురువు పట్టి ఆపుతుంది. ఛందస్సు లెక్కలో రెండూ రెండు మాత్రలే, గిటార్ పక్కన పెడితే రెండూ వేరు వేరు. అందుకని నియమం పెట్టుకున్నాం. చరణంలో గిటార్లు నొక్కి వాయిస్తాం, అక్కడ ద్విత్వాలు. పల్లవిలో తీగలు వదిలేసి వాయిస్తాం, అక్కడ దీర్ఘాలు.

చరణం మొదలు:

సమ్మెట దెబ్బకు నిప్పులు రాలే
బెత్తెడు పట్టికి ఒళ్ళే కాలే

పల్లవి:

రాదా వాన, రాదా గాలి

మే నెలలో కొలిమి పక్కన నిలబడ్డవాడు అడిగే మాట అంతకన్నా వేరే ఏముంటుంది? "కాలం మారే, లోకం మారే" అని ఒక లైను నేను రాశాను, గణాలు చక్కగా కుదిరాయి. మా బావ (బేస్ గిటార్ ఆయనదే) కొట్టేశాడు. ఆ లైను ఏ పాటలోనైనా పెట్టుకోవచ్చు, ఈ షెడ్డుకే చెందిన మాట కాదు. ఆయన చేసింది మంచి పని.

మే 4

రికార్డింగ్ మొదలుపెట్టాలని ఆదివారం షెడ్డు తెరిచాం. గంటలో మూసేశాం.

ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) ఆన్ చేయగానే గుమ్మ్ మని 50 హెర్ట్జ్ కరెంటు మోత. గిటార్ తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. దాని సంగతి చూస్తుండగానే గాయకుడు మైకు దగ్గర నోరు పెట్టాడు, పెదవికి చురుక్కుమంది. అన్నీ ఆపేశాను. చిన్న షాకే కదా అనుకునే వాళ్లకు చెబుతున్నాను, అనుకోవద్దు. ఒక చేతిలో ఎర్త్ సరిగా లేని గిటార్, నోటి దగ్గర ఇంకో లైను మీద నడిచే మైకు ఉంటే ప్రాణం పోవచ్చు.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. బోర్డు నుంచి ఎర్త్ గుంతకు వెళ్లే తీగ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. గుంత అడుగు దాకా ఎండిపోయి ఉంది. కొత్త తీగ లాగాం, బొగ్గూ ఉప్పూ వేసి ఎనిమిది బకెట్ల నీళ్లు పోశాం. మోత నూటికి తొంభై పాళ్లు పోయింది. మిగిలింది పక్క షెడ్డు వెల్డింగ్ మెషిన్ గర్రుమనడం, అది వాళ్లు ఇంటికెళ్లాక ఆగుతుంది. ఇకపై రాత్రి తొమ్మిది తర్వాతే రికార్డింగ్. రోజూ సాయంత్రం గుంతలో రెండు బకెట్లు పోయడం నా డ్యూటీ.

మే 11

డ్రమ్ములు అయ్యాయి. డ్రమ్ములు వాయించే తమ్ముడిది సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వాళ్లింట్లోకి వచ్చినప్పుడు కిట్టు రెండు రోజులు నీళ్లలో ఉంది. బేస్ డ్రమ్ము చెక్క ఉబ్బి పొరలు విడిపోయాయి. ఆరబెట్టి, జిగురు పెట్టి, లారీ టైర్ల ట్యూబు బిగించి నిలబెట్టాడు. ఆ డ్రమ్ముతోనే వాయిస్తానని పట్టుబట్టాడు, కొత్తది అద్దెకు తెస్తామన్నా ఒప్పుకోలేదు. విన్నాక నేనూ అడగలేదు.

మైకులు మా దగ్గర నాలుగే. గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లండ్ రికార్డింగ్ ఇంజనీరు పద్ధతి వాడాం. ఒక మైకు స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్ము) నెత్తిన, ఇంకోటి ఫ్లోర్ టామ్ (కింద నిలబెట్టే పెద్ద డ్రమ్ము) పక్క నుంచి, మూడోది బేస్ డ్రమ్ము ముందు. మొదటి రెండూ స్నేర్ నడిబొడ్డుకు సరిగ్గా సమాన దూరంలో ఉండాలి. శబ్దం ఒక మిల్లీసెకనులో అడుగుకు కాస్త ఎక్కువ దూరం వెళుతుంది. రెండు మైకుల దూరంలో తేడా వస్తే ఒకే దెబ్బ రెండుసార్లుగా చేరి, ఒకదాన్నొకటి కోసుకుని స్నేర్ పేలవంగా వినిపిస్తుంది. మేస్త్రి గారి టేపుతో 40 అంగుళాలు కొలిచి పెట్టాం. నాలుగో మైకు షెడ్డు చివర, రేకుల కప్పు కింద. ఆ రేకుల మోత డబ్బు పెట్టి ఏ స్టూడియోలో కొందామన్నా దొరకదు.

మే 25

గిటార్లు, బేస్ పూర్తి. రిథమ్ గిటార్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టాను. ఒకే టేకును కాపీ చేసి రెండు వైపులా పెడితే లాభం లేదు, అది మళ్లీ మధ్యలోకి వచ్చేస్తుంది. రెండు టేకుల మధ్య చేతి తేడాలే ఆ వెడల్పును ఇస్తాయి. ఇంకో విషయం, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించాను. ఒక్క గిటార్‌కి బాగున్న డిస్టార్షన్ రెండు గిటార్లకు ఎక్కువైపోయి దెబ్బ మెత్తబడింది. సగానికి దించాక దౌడులో ఒక్కో అడుగూ విడిగా వినపడింది.

మధ్యలో ఒకసారి మేస్త్రి గారు నా ఎడమ చెయ్యి పట్టుకుని వేళ్ల కొసలు చూశారు, కాయలు కాసి ఉన్నాయి. ఆయనకు ఉంగరం వేలి కొస లేదు, ఎప్పుడో ప్రెస్ కింద పోయింది. ఆయనకు టోనీ అయోమీ కథ చెప్పాను. బ్లాక్ సబ్బాత్ బ్యాండు గిటారిస్టు, బర్మింగ్‌హామ్‌లో ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు. 17 ఏళ్లప్పుడు మెషిన్ కింద పడి కుడి చేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. ఎడమ చేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వేసుకుని, తర్వాత తర్వాత శ్రుతి కూడా దించి వాయించాడు. 1970 ఫిబ్రవరిలో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్ అక్కడి నుంచే మొదలైందని చాలామంది అంటారు.

మేస్త్రి గారు అంతా విని, "రేకుల పనోడా!" అన్నారు. ఆ తర్వాత రోజూ రికార్డింగ్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు.

జూన్ 8

గొంతు రికార్డింగ్. రెండు రాత్రులు వాన వల్ల పోయాయి, రేకుల మీద చినుకు పడితే ఇంకేం వినపడదు.

మేము ఏరికోరి పెట్టుకున్న ప్పలు, బ్బలు మైకు ముందు బాంబుల్లా పేలాయి. ప్రతి "నిప్పులు"కీ గాలి దెబ్బ. మైకును నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కకు తిప్పి, జానెడు దూరం పెట్టి, ముందు పాప్ ఫిల్టర్ పెట్టాక దారికి వచ్చింది. అరిచే చోట గొంతు చించుకోవద్దని ముందే అనుకున్నాం. గాయకుడు నాభి నుంచి అకార సాధన చేసినట్టు గాలి తెచ్చి, చివర్లో మాత్రం గరుకు కలుపుతాడు. పల్లవి పన్నెండో టేకులో వచ్చింది. "రాదా వాన"లో ఆ దీర్ఘం పై షడ్జం మీద నిలబడి ని మీదకు జారినప్పుడు బావ హెడ్‌ఫోన్స్ తీసి బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "ఇదే టేకు" అన్నాడు.

జూన్ 16

మొదటి మిక్స్ (రికార్డు చేసినవన్నీ కలిపిన రూపం). కంప్యూటర్ స్పీకర్లలో బాగుంది. ఆటోలో బ్లూటూత్ స్పీకర్ మీద పెడితే బేస్ గిటార్ మాయం. మా కింది డి 75 హెర్ట్జ్ దగ్గర ఉంది, ఫోన్ స్పీకరు, చిన్న స్పీకరు అంత కిందికి దిగలేవు. మన పాట వినేవాళ్లలో ఎక్కువ మంది వినేది వాటిలోనే. బేస్‌కు కూడా కొంచెం డిస్టార్షన్ కలిపితే పై స్వరాంశాలు 150, 225, 300 దగ్గర పుడతాయి. అవి వినపడితే చెవి కింది స్వరాన్ని తనే పూరించుకుంటుంది. అలా చేశాక ఆటోలో బేస్ మళ్లీ వినపడింది.

ఇనుప దెబ్బలు కూడా కూర్చాను. మేస్త్రి గారిని, కుర్రాడిని మైకు పెట్టి రికార్డు చేసిందే, 40 దెబ్బల వరుస. అవి గ్రిడ్ (కంప్యూటర్‌లో తాళం చూపించే గీతలు) మీద సరిగ్గా లేవు. ఒక్కొక్కటీ జరిపి గీత మీద కూర్చోబెట్టాను. నాలుగు గంటలు పట్టింది.

జూన్ 19

ఈ రోజు సంగతి మర్చిపోలేను.

పాట అయిపోయిందని షెడ్డులో అందరికీ వినిపించాం. కుర్రాళ్లు ఈలలు వేశారు, బాబాయి బాగుందన్నాడు. మేస్త్రి గారు ఏం మాట్లాడలేదు. "ఏంటండీ, నచ్చలేదా?" అని అడిగాను.

"నచ్చకేం. సుత్తి నాది కాదు."

"మీదేనండీ. ఆ రోజు మీరు కొట్టిందే."

"కాదు బాబూ. నేనట్టా కొట్టను. నా మొదటి దెబ్బ పట్టీకి. ఇక్కడ కొట్టు అని చోటు చూపిస్తా. రెండోది పిల్లోడికి. పట్టీ తిప్పేశా, ఇక ఎత్తు అని. తిప్పడానికి టైం పడుద్దిగా? నువ్వు రెండోది ముందుకు లాగేశావు. తిప్పకముందే ఎత్తమంటే వాడు ఎక్కడ కొడతాడు?"

అసలు రికార్డింగ్ తెరిచి కొలిచాను. 96 టెంపోలో పదహారో వంతు స్వరం (రెండు పెద్ద దెబ్బల మధ్య కాలంలో నాలుగో వంతు) 156 మిల్లీసెకన్లు. ఆయన రెండో దెబ్బ దాదాపు ప్రతిసారీ గీతకు 25 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యం. తప్పు అనుకుని నేను నాలుగు గంటలు కూర్చుని తుడిచేసింది అదే. ఒకరి చేతిలో ఎర్రటి ఇనుము, ఇంకొకరి చేతిలో పెద్ద సమ్మెట. ఆ ఇద్దరి మధ్య మాట ఆ ఆలస్యం.

అసలు దెబ్బలు వెనక్కి తెచ్చాం. తెస్తే గిటార్లు తొందరపడుతున్నట్టు తేలింది. బావతో మాట్లాడి రిథమ్ గిటార్లు రెండూ, బేస్ మళ్లీ వాయించాలని నిర్ణయించాం. ఈసారి క్లిక్ (తాళం కోసం కంప్యూటర్ వేసే టిక్ టిక్) లేదు, హెడ్‌ఫోన్స్‌లో మేస్త్రి గారి సుత్తి మాత్రమే. రెండో లఘువు దగ్గర ఆయన ఆగినంత ఆగాలి. 

జూన్ 22

చెయ్యి అలవాటు పడటానికి మూడు రాత్రులు పట్టింది. ఇప్పుడు పాట బరువుగా ఉంది. పెద్ద దెబ్బకు ముందు ఆ కాస్త ఎదురుచూపు వల్లే ఆ బరువు వచ్చింది, వాల్యూమ్ ఒక్క డెసిబెల్ కూడా పెంచలేదు.

జూన్ 29

మాస్టరింగ్ (మిక్స్‌కు చివరి మెరుగు), కవర్, అప్‌లోడ్. స్పాటిఫై మామూలుగా పాటలన్నింటినీ మైనస్ 14 లౌడ్‌నెస్ (LUFS అనే కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మోత ఎక్కువ) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. కాబట్టి ఊరికే గట్టిగా నొక్కి లాభం లేదు, మైనస్ 10 దగ్గర ఆపాం. 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌కు గుర్తింపు సంఖ్య) డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లకు చేర్చేవాడు) ఇచ్చాడు. ప్లేలిస్టు ఎడిటర్లకు విడుదలకు కనీసం వారం ముందు పంపాలి, పంపాం.

ఒక్క గొడవ మాత్రం జరిగింది. 30 సెకన్లు వింటేనే అక్కడ ఒక స్ట్రీమ్‌గా లెక్క. మా పాట మొదట్లో ఎనిమిది బార్లు (ఒక్కో బారుకు నాలుగు పెద్ద దెబ్బలు), 20 సెకన్లు, ఉత్త ఇనుము మాత్రమే. గిటార్ లేదు, గొంతు లేదు. సగానికి కోద్దామని డ్రమ్మర్ తమ్ముడు, వద్దని నేను. ఆ 20 సెకన్లలో చెవికి సుత్తి అలవాటు కాకపోతే తర్వాత రిఫ్ ఎందుకలా నడుస్తోందో తెలియదు. చివరికి అలాగే ఉంచాం. మొత్తం 3 నిమిషాల 48 సెకన్లు.

జూలై 11

శుక్రవారం, విడుదల. ఉదయం నుంచి టెన్షన్. ప్లేలిస్టుల్లో ఎక్కడా రాలేదు. సాయంత్రానికి విన్నవాళ్లంతా తెలిసినవాళ్లే. అమ్మ రెండుసార్లు విని, "మీ తాతయ్య ఉండుంటే బాగుండేది" అంది. తాతయ్య ఈ షెడ్డులోనే సమ్మెట కొట్టాడు.

ఆగస్టు 3

మూడు వారాల స్పందన రాసి పెట్టుకుంటున్నాను.

కొందరు గోల అన్నారు. అది వాళ్ల చెవి, వాదించను. సినిమా ఫైటు వెనక వచ్చే మ్యూజిక్‌లా ఉందని ఇంకొకరన్నారు. మనకు డిస్టార్షన్ గిటార్ ఎక్కువగా వినపడింది అక్కడే కాబట్టి అలా అనిపించడం సహజం. గుంటూరు నుంచి ఒక తెలుగు టీచర్ మెసేజ్ పెట్టారు, తొమ్మిదో తరగతి పిల్లలకు గురులఘువులు చెప్పేటప్పుడు మా చరణం వేసి బల్లల మీద కొట్టించారట. ఇది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను.

అన్నిటికన్నా పనికొచ్చిన విమర్శ ఒక లారీ డ్రైవరు అన్నది. కమాను మార్పించుకోవడానికి వచ్చి, చిలకలూరిపేట నుంచి ఇక్కడి దాకా మా పాటే మళ్లీ మళ్లీ వేసుకుంటూ వచ్చానన్నాడు. "మొదటి చరణం నోటికొచ్చింది. రెండోదాంట్లో ఏమంటున్నారో తెలియట్లేదన్నా." నిజమే. అక్కడ లీడ్ గిటార్ కూడా కలుస్తుంది. హల్లులు స్పష్టంగా వినపడే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ చోటంతా గిటార్లే ఆక్రమించాయి. ద్విత్వాల మీద కట్టిన పాటలో హల్లు వినపడకపోతే ఇంకేం మిగులుతుంది? గొంతు ఉన్నంతసేపు ఆ చోట గిటార్లను మూడు డెసిబెల్స్ తగ్గించి కొత్త మిక్స్ చేశాను. వీడియోలో వాడేది అదే.

స్పాటిఫైలో ఏడాదిలో వెయ్యి స్ట్రీములు దాటని పాటకు రాయల్టీ లెక్కే మొదలవదు. మేము ఇంకా ఆ గీతకు ఇవతలే ఉన్నాం.

ఆగస్టు 29

వినాయక చవితి మూడో రాత్రి, ఆటోనగర్ పందిట్లో వాయించాం. భజన అయ్యాక అరగంట ఇచ్చారు. కమిటీ పెద్దాయన ఒక్కటే అడిగారు, "దేవుడి ముందు కదా, మాటలు బాగుంటాయిగా?" సాహిత్యం చదివి వినిపించాను. "పనివాళ్ల పాటేగా, వాయించుకోండి" అన్నారు. ముందుగా ఎర్త్ చూసుకున్నాను.

దాగలిని నలుగురు మోసి స్టేజీ ఎక్కించారు. పట్టీని వెదురు బొంగుకు మూడేసి అంగుళాల లెక్కనే కట్టాం. మేస్త్రి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు, ఎదురుగా కుర్రాడు. లైట్లు తగ్గించాం. ఢాం, టక టక.

ముందు వరసలో ఉన్నవాళ్లంతా లేతు వాళ్లు, లారీ బాడీలు కట్టేవాళ్లు, వెల్డర్లు. మొదటి నాలుగు బార్లకు ఎవరూ కదల్లేదు. ఐదో బారులో వెనక నుంచి ఎవరో రెండో చిన్న దెబ్బ తర్వాత, సరిగ్గా కుర్రాడు సమ్మెట ఎత్తే చోట, "ఎత్తూ" అని అరిచారు. తర్వాతి దానికి పదిమంది. గిటార్లు మొదలయ్యే సరికి పందిరంతా అదే అరుపు. మేము రాయని మాట అది, పాటలో లేని మాట. అది సరిగ్గా ఆ 30 మిల్లీసెకన్ల ఆలస్యం దగ్గరే పడుతోంది. వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

"రాదా వాన" దగ్గర ఆడవాళ్ల వైపు నుంచి కూడా గొంతులు కలిశాయి. తమ్ముడి బేస్ డ్రమ్ముకు కట్టిన ట్యూబు మధ్యలో జారింది. ఒక కాలితో దాన్ని అదిమిపెట్టి మిగతా పాట వాయించేశాడు.

సెప్టెంబరు 7

గత వారం వెయ్యి దాటాం. పందిట్లో ఎవరో తీసిన వీడియో వాట్సాప్‌లో తిరగడం వల్ల అనుకుంటున్నాను.

రెండో పాట కోసం ఈ రోజు షెడ్డుకు వెళ్తే వెదురు బొంగుకు ఉత్త తాళ్లు వేలాడుతున్నాయి. పట్టీ లేదు. ఒంగోలు లారీ ఒకటి అర్జెంటుగా వస్తే, ఆ సైజు పట్టీ స్టాకులో లేక కుర్రాడు దాన్ని విప్పి కట్టలో వేసేశాడట. నన్ను చూసి బిక్కమొహం వేశాడు. ఏం అనలేదు. అది చేసిన పని అదే కదా, ఇప్పుడు పది టన్నుల కింద ఎక్కడో తిరుగుతూ ఉంటుంది.

మేస్త్రి గారు కుప్పలోంచి ఇంకోటి తీసి ఇచ్చారు. అర అంగుళం పొడవు ఎక్కువ. తాళ్లు జరిపి కట్టి కొట్టి చూశాం. 550 హెర్ట్జ్. సి షార్ప్‌కు 14 సెంట్లు తక్కువ. లావు తీగలు వదులు చేస్తున్నాను.